పార్టీ అంటే మనిషా, కమిటీయా?

మనవాళ్ళలో రాజకీయ చైతన్యం బాగా పెరిగిందని ఈమధ్య ప్రతి సభలోనూ వింటున్నాం. ఉగాది సభలో విన్నాం, దీపావళి సభలో విన్నాం, మహాసభల సావనీర్లలో చదివాం. ఆ మాటకి రుజువుగా చూపించేవి మాత్రం ఎప్పుడూ ఒక్క రకమే. ఫలానా సెనేటరు గారితో ఫొటో. ఫలానా కాంగ్రెస్ సభ్యుడికి మనవాళ్ళ ఇంట్లో ఇచ్చిన విందు. వేదిక మీద మేయరు గారికి కప్పిన శాలువా. విందుకి తలకింత అని వసూలు చేసిన చెక్కులు. వచ్చినాయన "నమస్కారం" అని వచ్చీరాని తెలుగులో అనగానే హాలంతా చప్పట్లు.

దీన్ని ఆతిథ్యం అంటే సరిపోతుంది. ఆతిథ్యంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరని మేమూ ఒప్పుకుంటాం. రాజకీయం అనడానికే మాకు అభ్యంతరం. విందు తిన్నాయన మర్నాటికి మన పేర్లు మరిచిపోయాడని చాలామంది వాపోతూ ఉంటారు. ఆయన మరిచిపోవడంలో వింతేమీ లేదు. ఆయన్ని నిలబెట్టినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ పేర్లు ఆయనకి బాగా గుర్తుంటాయి. వాళ్ళెవరో మనం ఎప్పుడూ విచారించలేదు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

మనలో చాలామంది స్థిరపడిన న్యూజెర్సీనే తీసుకుందాం. ఈ రాష్ట్రంలో పార్టీ అంటే ఒక నాయకుడి చుట్టూ చేరిన గుంపు కాదు. చట్టంలో రాసిపెట్టి ఉన్న ఒక కట్టడం అది. ప్రతి ఊరినీ ఎలక్షన్ డిస్ట్రిక్టులుగా విడగొడతారు. డిస్ట్రిక్టు అన్నారని మన జిల్లా అనుకోకండి. నాలుగైదు వీధులు, కొన్ని వందల ఇళ్ళు, ఒక పోలింగు బూతుకి సరిపడా జనం, అంతే. ఆ ఒక్కొక్క ముక్క నుంచీ ఒక్కొక్క పార్టీ ఇద్దరేసి కమిటీ సభ్యుల్ని ఎన్నుకుంటుంది. ఒక పురుషుడు, ఒక స్త్రీ అన్న పద్ధతి అక్కడ చాలా పాతది. ఆ ఎన్నిక జూన్‌లో జరిగే ప్రైమరీలోనే, గవర్నరు అభ్యర్థీ సెనేటు అభ్యర్థీ ఉండే ఆ బ్యాలట్ కాగితం మీదే, అందరికంటే అడుగున ఉంటుంది. చాలామంది కళ్ళు అంత కిందికి దిగవు.

ప్రైమరీ అయిన కొద్దిరోజులకే ఈ సభ్యులు సమావేశమై తమ ఊరి పార్టీకీ, కౌంటీ పార్టీకీ అధ్యక్షుల్ని ఎన్నుకుంటారు. సభ్యుడికి జీతం లేదు, భత్యం లేదు. తన వీధుల ఓటర్ల జాబితా చేతిలో పట్టుకుని ఎవరు ఇల్లు మారారో, ఎవరికి పోస్టు బ్యాలట్ కావాలో, ఎవరింట్లో పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండాయో చూసుకోవడం, అభ్యర్థి పిటిషన్ల మీద సంతకాలు సేకరించడం, ఎన్నికల రోజున ఓటు వేయని వాళ్ళ తలుపు తట్టడం, ఇదీ పని. మన ఊళ్ళో పల్స్ పోలియోకి వచ్చే అమ్మాయి చేసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఈ మాత్రం దానికి ఇంత వ్యాసమెందుకని పాఠకులు అడగవచ్చు. చట్టం ఈ చిన్న సభ్యుడి చేతికి ఏమిచ్చిందో చూడండి. పార్టీ గుర్తు మీద ఎన్నికైన కౌన్సిల్ సభ్యుడు పదవి మధ్యలో ఖాళీ చేశాడనుకోండి. ఆ పార్టీ ఊరి కమిటీ 15 రోజుల్లో మూడు పేర్లు పంపుతుంది. కౌన్సిలు ఆ మూడింట్లో ఒకటి ఏరుకోవాలి. నాలుగో పేరు ఎంత గొప్పదైనా పనికిరాదు. ఖాళీ ఏర్పడిన 30 రోజుల లోపల కౌన్సిలు తేల్చుకోలేకపోతే కమిటీయే నియమిస్తుంది. రాష్ట్ర శాసనసభలో స్థానం ఖాళీ అయితే, ఖాళీ చేసినాయన పార్టీ కమిటీ సభ్యులు ఆ నియోజకవర్గం నుంచి సమావేశమై 35 రోజుల్లో వారసుణ్ణి ఎన్నుకుంటారు. గవర్నరు గారి నామినేషన్ లేదు, అధిష్ఠానం దూత రాడు, సీల్డు కవరు లేదు.

దీనికి మనవాడి ఉదాహరణే ఉంది. నెల్లూరులో పుట్టి, ఇంజనీరుగా ఈ దేశం వచ్చిన చివుకుల ఉపేంద్ర గారు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్లో మొదలుపెట్టారు. 2000లో ఆ ఊరికి మేయరయ్యారు. 2001 ఎన్నికల్లో గెలిచి, న్యూజెర్సీ అసెంబ్లీలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయ్యారు. పన్నెండేళ్ళకి పైగా అక్కడ ఉండి, 2014లో రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకి వెళ్ళడానికి రాజీనామా చేశారు. ఆయన గెలిచినప్పుడు మన సంఘాలన్నీ సన్మానాలు చేశాయి. ఆయన కుర్చీ ఖాళీ అయిన రోజున, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించింది ఆ పదిహేడో నియోజకవర్గం కమిటీ సభ్యులు. ఫ్రాంక్లిన్, పిస్కాటవే, నార్త్ బ్రన్స్‌విక్ లాంటి ఊళ్ళు అందులో ఉన్నాయి. మన ఇళ్ళు ఎంత దట్టంగా ఉన్న ఊళ్ళో వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా వచ్చినాయన మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు మా ప్రశ్న. ఆ గదిలో ఓటుహక్కుతో కూర్చున్నవాళ్ళలో మనవాళ్ళెందరు? సన్మాన సభకి వచ్చినంతమంది లేరన్నది మాత్రం ఖాయం.

చివుకుల వారి జీవితాన్ని కూడా మనం వక్రంగానే చదువుకున్నాం. సావనీరు వ్యాసాల్లో ఆయన "ఉన్నత శిఖరాలు అధిరోహించిన తెలుగు తేజం". ఈ తేజాలతోనూ శిఖరాలతోనూ మాకు విసుగెత్తింది. ఆయన అసెంబ్లీకి వెళ్ళడానికి ముందు ఒక టౌన్‌షిప్ కౌన్సిల్లో చెత్తబండ్ల గురించీ, డ్రైనేజీ గురించీ, ఇంటి పన్నుల గురించీ రాత్రిళ్ళు సమావేశాల్లో కూర్చున్నారన్నది ఏ సావనీరూ రాయదు. నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

అయితే ఈ కమిటీలు ప్రజాస్వామ్యానికి పట్టుగొమ్మలని పొగడటం కూడా మా ఉద్దేశం కాదు. వాటి గుట్టు తెలిసినవాళ్ళు నవ్వుతారు. చాలా కౌంటీల్లో ఏళ్ళ తరబడి కమిటీ అంటే అధ్యక్షుడు చెప్పినదానికి చెయ్యెత్తే మంద. కౌంటీలో ఉద్యోగాలూ కంట్రాక్టులూ ఆయన కనుసన్నల్లో నడిస్తే ఎదురుచెప్పేవాడెవడు? దానికి తోడు "కౌంటీ లైను" అనే వింత ఒకటి ఉండేది. మిగతా రాష్ట్రాల్లో ప్రైమరీ బ్యాలట్ మీద పదవి వారీగా పేర్లుంటాయి. న్యూజెర్సీలోని 21 కౌంటీల్లో 19 కౌంటీలు అలా కాకుండా, పార్టీ బలపరిచిన వాళ్ళందరినీ గవర్నరు మొదలు మన కమిటీ సభ్యుడి దాకా ఒకే వరసలో ముచ్చటగా పేర్చి, ఎదురు నిలబడ్డవాళ్ళని ఎక్కడో మూలకి తోసేవి. ఆ మూలకి "బ్యాలట్ సైబీరియా" అని అక్కడివాళ్ళే ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ వరస ఎవరికివ్వాలో కొన్ని కౌంటీల్లో సభ్యులు ఓటు వేసి తేల్చేవారు. కొన్నింటిలో అధ్యక్షుడొక్కడే తేల్చేవాడు.

2024లో ఇదంతా తలకిందులైంది. ఆ కథ మన పత్రికల్లో రావలసినంత రాలేదు. సెనేటర్ మెనెండెజ్ మీద 2023 సెప్టెంబరులో నేరారోపణ వచ్చిన మర్నాడే ఆండీ కిమ్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆ సీటుకి పోటీ చేస్తానన్నారు. కొద్దివారాలకి అప్పటి గవర్నరు భార్య టామీ మర్ఫీ గారూ రంగంలోకి దిగారు. పెద్ద కౌంటీల అధ్యక్షులు ఒకరి తర్వాత ఒకరు ఆమెకి జై కొట్టారు. మన రాష్ట్ర రాజకీయాలు ఎరిగినవాళ్ళకి ఈ దృశ్యం పరిచితమే. అంతా అయిపోయిందనుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మాన్‌మత్ కౌంటీ కమిటీ సమావేశమైంది. అది గవర్నరు దంపతుల సొంత కౌంటీ. కాని అక్కడ ఓటు రహస్యం. పెట్టె తెరిస్తే కిమ్ గెలిచారు. పేరూ ఊరూ ఎవరికీ తెలియని కమిటీ సభ్యులు, జీతం లేనివాళ్ళు, చాటుగా ఒక కాగితం మీద గుర్తు పెట్టి గవర్నరు భార్యని ఓడించారు. అదే గదిలో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేచేవో మాకు సందేహమే. తర్వాత మరికొన్ని కౌంటీల్లోనూ అలాగే జరిగింది. మార్చి 24న ఆమె విరమించుకున్నారు. మార్చి 29న ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ ఆ ఏడాది డెమొక్రాటిక్ ప్రైమరీలో కౌంటీ లైను వాడరాదని ఉత్తర్వు ఇచ్చారు. కిమ్ ఆ నవంబరులో సెనేటుకి ఎన్నికయ్యారు. 2025లో రాష్ట్రం చట్టం మార్చింది. ఆ జూన్ నుంచి రెండు పార్టీల బ్యాలట్లూ పదవి వారీగానే వస్తున్నాయి.

కిమ్ గారు కొరియా సంతతి వారు. ఆయన గెలిచాక మనవాళ్ళు "ఆసియావాసుల విజయం" అని సంబరపడ్డారు, బాగానే ఉంది. ఆ ఫిబ్రవరి శనివారం నాడు మాన్‌మత్‌లో ఆ కాగితం పట్టుకున్న హక్కు ఎవరికి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.

మనం ఎందుకు అడగం? సోమరితనం అందామంటే కుదరదు. వెయ్యిమందికి పులిహోర చేసి, హాలు మాట్లాడి, రెండువందల మంది పిల్లలతో డాన్సులు వేయించి, అర్ధరాత్రి కుర్చీలు మడతపెట్టే జాతి మనది. కారణం వేరే ఉంది. మనకి తెలిసిన పార్టీలో కింది కమిటీ ఎప్పుడూ ఏదీ నిర్ణయించలేదు. కనుక పార్టీ అంటే మనిషి అనే అర్థం మనకి స్థిరపడిపోయింది.

మొదట్లో అలా లేదు. 1920 నాగపూరు కాంగ్రెసులో గాంధీగారు కొత్త నిబంధనావళి తెచ్చినప్పుడు గ్రామం నుంచి తాలూకా, జిల్లా, రాష్ట్రం దాకా మెట్లు మెట్లుగా కమిటీలు పెట్టారు. నాలుగణాలిస్తే ఎవడైనా సభ్యుడు. మరుసటి ఏడాది బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ జూన్ 30 లోపల కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని లెక్క పెట్టుకుంది. నిధితో పాటు సభ్యుల్ని కూడా లెక్కపెట్టడం గమనించండి. మన తాతల్లో ఎందరో ఆ రసీదు పుస్తకాలు చంకన పెట్టుకుని ఎండలో ఊరూరా తిరిగినవాళ్ళే.

కాని ఆ పావలా సభ్యత్వానికే పురుగు పట్టింది. వర్గనాయకుడు తన జేబులోంచి పావలాలు కట్టేసి, ఊరి ఓటర్లజాబితా చూసి పేర్లు దింపేసి, కమిటీని గుప్పిట్లో పెట్టుకోవడం మొదలైంది. 1930ల చివర్లో గాంధీగారే ఈ దొంగ సభ్యత్వాల గురించి బాధపడుతూ రాశారు. స్వరాజ్యం వచ్చాక రసీదు పుస్తకం ఇంకా పలచబడింది. 1978 నుంచి 1983 జనవరి దాకా, ఐదేళ్ళు నిండకముందే, ఆంధ్రప్రదేశ్‌కి నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి గార్లు. మార్పులు ఢిల్లీలో తేలాయి. జిల్లా కమిటీలు పేపర్లో చదువుకున్నాయి. ఆ అవమానం మీదనే 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది, తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చింది. ఆత్మగౌరవం అన్న మాట సరైనదే. కాని అక్కడా పార్టీ అంటే ఒక మహానటుడే. 1995 ఆగస్టులో ఆయన్ని దింపినప్పుడు హైదరాబాదు హోటల్లో శాసనసభ్యుల్ని లెక్కపెట్టారు గాని, ఊళ్ళలో జెండా మోసినవాణ్ణి అడిగినవాడు లేడు. తెలంగాణ రాష్ట్ర సమితి 2001లో పుట్టిన నాటి నుంచీ స్థాపించినవారే అధ్యక్షులు. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 2022 ప్లీనరీలో ఏకంగా జీవితకాల అధ్యక్షుణ్ణి ఎన్నుకుంది. ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ఏ పార్టీని మెచ్చి ఏ పార్టీని దూషించినా ఈ విషయంలో అన్నీ ఒక తానులో ముక్కలే.

ఈ అలవాటే మూటగట్టుకుని మనం విమానం ఎక్కాం. ఇక్కడికి వచ్చి కూడా "ఎవరు పెద్ద? ఆయన్ని ఎలా కలవాలి?" అని వెతుకుతాం. ఇక్కడి పెద్దాయన తన కుర్చీ కోసం భయపడే మనుషులు కింది బెంచీలో ఉన్నారన్నది మన బుద్ధికి తట్టదు.

ఇంకా చిత్రమేమంటే, అడుగుస్థాయి పని మనకి రాక కాదు. 2019లోనూ 2024లోనూ ఆంధ్ర ఎన్నికలప్పుడు ఈ దేశంలో మనవాళ్ళు చేసినది చూడండి. రాత్రంతా మేలుకుని ఊళ్ళకి ఫోన్లు, మండలాల వారీగా వాట్సాప్ గుంపులు, బూతుల వారీగా లెక్కలు, సెలవు పెట్టి సొంత ఖర్చుతో ప్రయాణాలు. అమెరికాలో డాక్టరుగా స్థిరపడిన పెమ్మసాని చంద్రశేఖర్ గారు 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయ్యారు. ఆ పని చేసినవాళ్ళలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఎందరో. వాళ్ళకి అక్కడ ఓటు లేదు. ఓ.సి.ఐ. కార్డు ఆస్తి కొనడానికీ వీసా లేకుండా వెళ్ళడానికీ పనికొస్తుంది గాని ఓటుకి పనికిరాదు. ఓటు లేని ఊళ్ళో బూతు నిర్వహణ చేసి, ఓటు ఉన్న వీధిలో బూతు ఎక్కడో తెలియనివాళ్ళని ఏమనాలి? పుట్టిన ఊరి మీద మమకారం తప్పని మేము అనం. ఆ నైపుణ్యంలో పదోవంతు ఈ వీధికి ఇస్తే చాలునని మాత్రం అంటాం.

వీసాల మీద ఉన్న కుర్రవాళ్ళ సంగతి వేరు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి 2011 నుంచి ప్రవాస ఓటరుగా నమోదు చేసుకునే హక్కు ఉంది, వెళ్ళి స్వయంగా వేయాలి. ఇక్కడ వాళ్ళు పార్టీలకి ఒక్క డాలరు కూడా ఇవ్వరాదు; జీతం లేకుండా స్వచ్ఛందంగా పని చేయవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు చందా ఇవ్వవచ్చు, పనీ చేయవచ్చు. ఓటు మాత్రం ఇద్దరికీ లేదు. డ్రైవింగు లైసెన్సు ఆఫీసులో ఇచ్చిన ఫారం మీద చూడకుండా పౌరుణ్ణని సంతకం పెట్టి ఓటరుగా చేరితే, రేపు పౌరసత్వానికే ఎసరు వస్తుంది. విందులో చెక్కులు వసూలు చేసే పెద్దలు ఈ తేడాలు కుర్రవాళ్ళకి చెప్పరు.

మన సంఘాల వైఖరి గురించీ రెండు మాటలు. సంఘం ఏ పార్టీకీ చెందదు అంటారు. పన్ను మినహాయింపు పొందిన సంస్థ అభ్యర్థుల్ని బలపరచరాదు కూడా. కాని ఎన్నికల సంవత్సరంలో వేదిక మీద ఎవరు కూర్చుంటున్నారో చూస్తే, ఆ తటస్థత ఏపాటిదో తెలుస్తుంది. నిజంగా తటస్థంగా చేయగలిగిన పని, అంటే రెండు పార్టీల కమిటీలూ ఎలా పనిచేస్తాయో చెప్పి, ఓటరు నమోదు ఫారాలు బల్ల మీద పెట్టడం, ఏ ఉగాదికీ జరగలేదు. శాలువాల ఖర్చులో నాలుగోవంతు కాదు.

మన ఆడవాళ్ళ సంగతి ఆలోచిస్తే మాకు ఇంకా ఆశ్చర్యం. ఎవరింట్లో పురుడు వచ్చింది, ఎవరు ఇల్లు మారారు, ఎవరి పిల్ల ఏ కాలేజీకి వెళ్ళింది, ఫోన్ నెంబర్లతో సహా వాళ్ళకి తెలుసు. కమిటీ సభ్యురాలికి కావలసిన విద్య సరిగ్గా ఇదే. విందు ఫొటోల్లో మాత్రం సెనేటరు పక్కన వరసగా మగవాళ్ళే. ఆడవాళ్ళు వంటింట్లోంచి గారెలు పంపుతుంటారు.

గుడికి పార్కింగు స్థలం పెంచాలన్నా, క్రికెట్ ఆడుకోవడానికి పార్కులో పిచ్ వేయాలన్నా మనం వెళ్ళేది జోనింగు బోర్డుకో, ప్లానింగు బోర్డుకో, కౌన్సిలుకో. ఆ బోర్డుల్లో సభ్యుల్ని మేయరో కౌన్సిలో నియమిస్తారు. మేయరుకి తెలిసిన పేర్లు ఎక్కడివి? తనకోసం చలిలో తలుపులు తట్టినవాళ్ళవే. అప్లికేషను తిరస్కరించాక లాయరుకి పోసే డబ్బూ, "మనమంటే వీళ్ళకి చిన్నచూపు" అనే నిట్టూర్పూ మనకి కొత్తవి కావు. చిన్నచూపు ఉండదని కాదు, కొన్నిచోట్ల ఉంది. కాని చాలాచోట్ల ఆ బల్లకి అవతల కూర్చున్నవాళ్ళు మనల్ని ఎన్నడూ చూడనే లేదు.

కమిటీ స్థానానికి నిలబడాలంటే ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి, తన వీధుల్లో కొద్దిపాటి సంతకాలు తెచ్చుకోవాలి, వసంతకాలంలో గడువు లోపల పిటిషను దాఖలు చేయాలి. ప్రైమరీకి ముందు కౌంటీ క్లర్కు అభ్యర్థుల జాబితా ప్రకటిస్తారు. సెనేటు, కాంగ్రెస్, కౌన్సిలు పేజీలు దాటి చివరి పేజీల దాకా వెళ్ళాలి. అక్కడ ఎలక్షన్ డిస్ట్రిక్టుల నెంబర్లుంటాయి. నెంబరు ఎదుట పేరు ఉండవలసిన చోట, ఒకదాని కింద ఒకటిగా, "పిటిషను దాఖలు కాలేదు" అని కనిపిస్తూ ఉంటుంది.